చమురు బావి నీళ్లు: శుభ్రం చేయడం ఒక ఎత్తు, బాధ్యత మోయడం ఒక ఎత్తు

క్లుప్తంగా: చమురు, సహజవాయువు తీసేటప్పుడు భూగర్భం నుంచి ఉప్పునీరు కూడా పెద్ద మొత్తంలో పైకి వస్తుంది. దాన్ని శుద్ధి చేసి సాగుకో పరిశ్రమలకో వాడుకోవచ్చన్న వాదన అమెరికాలో బలపడుతోంది. మన దేశంలోని నిబంధనలు ఈ నీటిని ఎలా వదిలించుకోవాలో చెబుతాయి, ఎలా వాడుకోవాలో మాత్రం చెప్పవు. అసలు చిక్కంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఆశ ఒకవైపు, భయం ఒకవైపు

2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటాయి. అప్పుడు జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకున్న ఊరు చెన్నై. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ ద్వారా ఏటా 12 టీఎంసీలు రావాలన్నది ఒప్పందం. ఆ లెక్క పూర్తిగా దక్కని ఏళ్లే ఎక్కువ. ఇలాంటి ఊళ్లో ఎక్కడైనా నీళ్లు వృథాగా పోతున్నాయని వింటే, వాటిని ఇటు మళ్లించకూడదా అన్న ప్రశ్న పుట్టడం సహజం. చమురు బావుల నీళ్ల గురించీ ఇప్పుడు ఆ ప్రశ్నే వినిపిస్తోంది.

చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో చాలామందికి కోనసీమలోనో గోదావరి జిల్లాల్లోనో అయినవాళ్లున్నారు. వాళ్లకు ఇదే సంగతి భయంగా వినిపిస్తుంది. బావి దగ్గరి నీళ్లు పంట కాలువలో కలిస్తే కొబ్బరి తోట ఏమవుతుంది, చేతిపంపు నీళ్లు ఉప్పెక్కుతాయా అన్నవి వాళ్ల ప్రశ్నలు. కావేరీ డెల్టా రైతులవీ ఇవే ప్రశ్నలు. ఈ రెండు ప్రాంతాల పర్యావరణ వివాదాలనూ విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ఉన్నది చెన్నైలోనే.

ఆశకూ భయానికీ రెంటికీ ఆధారం ఉంది. ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చాలంటే ముందు ఏ నీటి గురించి మాట్లాడుతున్నామో తెలియాలి.

మూడు రకాల నీళ్లు

వార్తల్లోనూ మాటల్లోనూ మూడు వేర్వేరు నీళ్లు కలిసిపోతున్నాయి. మొదటిది, బావి తవ్వేటప్పుడు వాడే మట్టి ద్రవం, రాతిని చీల్చడానికి పంపే ద్రవం. ఇది మనిషి లోపలికి పంపింది. రెండోది, బావి పనిచేసినన్నాళ్లూ చమురు, గ్యాస్‌తో కలిసి భూగర్భం నుంచి వచ్చే నీరు. పరిశ్రమలో దీన్నే ప్రొడ్యూస్డ్ వాటర్ అంటారు. మూడోది, చమురును శుద్ధి చేసే రిఫైనరీ వదిలే వ్యర్థజలం. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదల్లో ఎన్నూరు క్రీక్ నిండా పరుచుకుని, మత్స్యకారుల పడవలకూ వలలకూ అంటుకున్న చమురు మణలి పారిశ్రామిక ప్రాంతం వైపు నుంచి కొట్టుకొచ్చింది. దానికీ చమురు బావుల నీటికీ సంబంధం లేదు. రెంటికీ వర్తించే ప్రమాణాలు వేరు, మూలాలు వేరు. ఈ వ్యాసం రెండో రకం గురించే.

చమురున్న రాతి పొరల్లో చమురు ఒక్కటే ఉండదు. కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు నీరు ఆ రాతి రంధ్రాల్లో చిక్కుకుని, చుట్టూ ఉన్న ఖనిజాలను కరిగించుకుంటూ ఉంటుంది. బావి కొత్తలో చమురు ఎక్కువ, నీరు తక్కువ వస్తుంది. చమురు తగ్గే కొద్దీ కింది నీరు పైకి ఎగదన్నుతుంది. పొరలో ఒత్తిడి పడిపోకుండా నీటిని లోపలికి పంపే క్షేత్రాల్లో ఆ పంపిన నీరూ కొంతకాలానికి తిరిగి వస్తుంది. అందుకే పాత బావుల్లో వచ్చే ద్రవంలో నీటి వాటా ఏటేటా పెరుగుతుంది. అమెరికా భూజల పరిరక్షణ మండలి లెక్క ప్రకారం 2017లో ఆ దేశపు బావుల నుంచి సుమారు 2,440 కోట్ల బ్యారెళ్ల నీరు వచ్చింది. అదే ఏడాది అక్కడ తీసిన చమురుకు ఇది ఎన్నో రెట్లు. పరిమాణం చూస్తే ఇది నీళ్ల పరిశ్రమ, చమురు అందులో ఒక భాగం.

బొగ్గు పొరల్లోని మీథేన్ సంగతి దీనికి తలకిందులు. అక్కడ గ్యాస్ విడుదల కావాలంటే ముందు పొరలోని నీటిని తోడేయాలి. కాబట్టి మొదటి ఏళ్లలోనే నీళ్లు ఎక్కువ, తర్వాత తగ్గుతాయి. మన్నార్‌గుడి మీథేన్ ప్రాజెక్టును డెల్టా రైతులు వ్యతిరేకించినప్పుడు భూగర్భ జలమట్టం పడిపోతుందన్నది వారి ప్రధాన అభ్యంతరం కావడానికి కారణం ఇదే. రెంటికీ ఒకే నిబంధన పెడితే రెంటిలో ఒకదానికి అది తప్పకుండా పొసగదు.

ఒక ట్యాంకర్ లెక్క

ఉప్పు సంగతి అంకెల్లో చూస్తేనే బోధపడుతుంది. చెన్నైలో అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 1,500 మిల్లీగ్రాములు దాటితేనే ఇళ్లలో గొడవ మొదలవుతుంది. తాగునీటికి భారత ప్రమాణం 500. వేరే దారి లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. సముద్రపు నీళ్లలో దాదాపు 35,000. అమెరికాలోని పెర్మియన్ బేసిన్ బావుల నీళ్లలో లక్ష దాటడం మామూలే. క్షేత్రాన్ని బట్టి, పొరను బట్టి ఈ అంకె చాలా మారుతుంది. కొన్నిచోట్ల కొన్ని వందలకే పరిమితం, కొన్నిచోట్ల సముద్రానికి ఎనిమిది రెట్లు.

లక్ష టీడీఎస్ ఉన్న నీళ్లను మనం రోజూ చూసే 12,000 లీటర్ల ట్యాంకర్ లారీలో నింపామనుకుందాం. అందులో కరిగి ఉన్న ఉప్పు 1,200 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 24. ఈ ట్యాంకర్‌ను మంచినీళ్లతో కలిపి పలచన చేసి, భూమి మీద వదలడానికి మన దేశంలో ఉన్న 2,100 పరిమితికి తేవాలంటే, 500 టీడీఎస్ ఉన్న నీళ్లు ఇంకో 61 ట్యాంకర్లకు పైగా కావాలి. నీటి కొరత తీర్చడానికి తెచ్చిన నీళ్లే అంతకు అరవై రెట్ల మంచినీళ్లను మింగేస్తాయి.

పలచన చేయకుండా ఉప్పును విడదీయాలంటే మరో ఇబ్బంది. మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లలో సముద్రపు నీళ్లను వడకట్టే రివర్స్ ఆస్మోసిస్ పొరలు మామూలుగా 70,000 టీడీఎస్ దాటాక పనికిరావు. అంతకు మించితే నీటిని మరిగించి ఆవిరి పట్టాలి. ఖర్చు, కరెంటు రెండూ బాగా పెరుగుతాయి. ఇంత చేసినా ఉప్పు మాయం కాదు. ట్యాంకర్‌లో సగం మంచినీళ్లుగా మారితే, మిగతా సగంలోకి ఆ 24 బస్తాల ఉప్పూ చేరుతుంది. నెమ్మేలిలో ఆ చిక్కటి ఉప్పునీరు సముద్రంలోకి పోతుంది. డెల్టా మధ్యలో, సముద్రానికి దూరంగా ఉన్న బావి దగ్గర అది ఎక్కడికి పోవాలి? పునర్వినియోగం గురించిన ఏ ప్రతిపాదననైనా మొదట అడగాల్సింది ఇదే.

టీడీఎస్ మీటర్‌కు కనబడనివి

ఇళ్లలో వాడే టీడీఎస్ మీటర్ నీటిలో కరెంటు ఎంత ప్రవహిస్తుందో చూసి ఉప్పును అంచనా వేస్తుంది. బెంజీన్ ఉంటే దానికి తెలియదు. ఈ నీళ్లలో ఉప్పుతో పాటు బెంజీన్, ఫినాల్స్ వంటి కర్బన పదార్థాలు, అమ్మోనియా, బోరాన్, బేరియం, కొన్నిచోట్ల సహజ రేడియోధార్మికత గల రేడియం ఉంటాయి. పైపులు తుప్పు పట్టకుండా, లోపల గార కట్టకుండా, బ్యాక్టీరియా పెరగకుండా, చమురూ నీరూ త్వరగా విడిపోయేలా కంపెనీలు కలిపే రసాయనాలు వీటికి అదనం.

బోరాన్ సంగతి కాస్త వివరంగా చూడాలి. మొక్కకు అది సూక్ష్మ పోషకమే. కానీ నిమ్మ జాతి వంటి సున్నితమైన పంటలకు సాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఎక్కువే కావచ్చు. ఉప్పును బాగా ఆపే ఆర్వో పొర బోరాన్‌ను అంత బాగా ఆపదు. అంటే టీడీఎస్ చూసి భేషుగ్గా ఉందనుకున్న నీళ్లతోనే ఆకుల అంచులు మాడిపోవచ్చు. సోడియం చేసే చెరుపు వేరు. కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎక్కువైతే బంకమట్టి కణాలు విడిపోయి, రంధ్రాలు పూడుకుని, నేల నీరు ఇంకనివ్వదు. గోదావరి, కావేరీ డెల్టాల నేలలు ఎక్కువగా ఆ బంకమట్టివే. ఒకసారి అలా బిగుసుకున్న పొలాన్ని జిప్సం వేసి దారికి తేవడానికి ఏళ్లు పడుతుంది.

ఈ నీళ్లలో ఇప్పటివరకు వెయ్యికి పైగా రసాయనాలను పరిశోధకులు గుర్తించారు. వాటిలో చాలావాటికి విషప్రభావ సమాచారమే లేదు, కొన్నింటికి ఆమోదించిన పరీక్షా పద్ధతి కూడా లేదు. పరీక్షించని పదార్థం నివేదికలో కనబడదు కాబట్టి, "నివేదిక శుభ్రంగా ఉంది" అన్నంత మాత్రాన నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు.

మన నిబంధన చెప్పేది, చెప్పనిది

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1996లో కేంద్రం చమురు తవ్వకం, గ్యాస్ వెలికితీత పరిశ్రమకు ప్రత్యేక ప్రమాణాలు తెచ్చింది. భూమి మీద, ఉప్పునీటి ప్రాంతాలకు దూరంగా ఉన్న క్షేత్రాలకు అవి రెండు దారులు చూపాయి. ఒకటి, శుద్ధి చేసి నేల మీద వదలడం: చమురు, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు, క్లోరైడ్లు 600, టీడీఎస్ 2,100 మించకూడదు, సోడియం శాతానికీ, ఫినాల్స్‌కూ, సీసం, పాదరసం వంటి లోహాలకూ పరిమితులున్నాయి. రెండు, వాడకం ఆగిపోయిన బావిలోకి తిరిగి పంపడం: 1,000 మీటర్ల లోతు కిందే పంపాలి, అప్పుడు చమురు, గ్రీజుకూ తేలే ఘన పదార్థాలకూ మాత్రమే పరిమితి వర్తిస్తుంది.

కాగితం మీద ఇవి మెతక నిబంధనలేమీ కావు. అమెరికాలో 98వ పశ్చిమ రేఖాంశానికి పడమట ఉన్న పొడి ప్రాంతాల్లో సాగుకో పశువులకో పనికొచ్చే నీళ్లయితే వదలడానికి సమాఖ్య నిబంధన అనుమతిస్తుంది. అక్కడ చమురు, గ్రీజు పరిమితి 35 మిల్లీగ్రాములు. ఆ నిబంధనలో ఉప్పుకు అంకె లేదు. ఆ లెక్కన మన ప్రమాణమే గట్టిది.

లోటు ఇంకోచోట ఉంది. మన ప్రమాణం వదిలించుకోవడం కోసం రాసింది. ఆ నీటిని రోజూ, ఏళ్ల తరబడి, ఒకే పొలానికి పారించడం అందులో ఊహకే రాలేదు. రేడియం అందులో లేదు, బెంజీన్ పేరు పెట్టి లేదు. పంటను బట్టి, నేలను బట్టి మారే పరిమితులు లేవు. ఈ ప్రమాణంలో నెగ్గిన నీటిని "వాడకానికి యోగ్యం" అని ఎవరైనా చూపిస్తే, ఒక పరీక్షలో పాసైన కాగితాన్ని వేరే పరీక్షకు చూపించినట్టే.

అధికారాలు కూడా చీలి ఉన్నాయి. చమురు క్షేత్రాల నియంత్రణ కేంద్రం చేతిలో ఉంటే, నీరు రాష్ట్ర జాబితాలోది. వ్యర్థజలాలకు 1974 నీటి చట్టం కింద అనుమతి ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. బావిని చూసేవాళ్లు ఒకరు, బావి గట్టు దాటిన నీటిని చూసేవాళ్లు ఇంకొకరు. ట్యాంకర్ ఎక్కి వేరే జిల్లాకు పోతే దాని వెంట వెళ్లి చూసేవాళ్లు ఎవరన్నది స్పష్టంగా లేదు.

వేరే చోట్ల ఏం జరిగింది

కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో చమురు బావుల నీళ్లను నదీ జలాలతో కలిపి బాదం, పిస్తా, నారింజ జాతి తోటలకు దశాబ్దాలుగా పారిస్తున్నారు. అక్కడ కలిసొచ్చింది భూగర్భం: ఆ పొరల నీళ్లలో ఉప్పు చాలా తక్కువ. ప్రజల్లో సందేహాలు రేగాక ప్రాంతీయ జల మండలి ఆహార భద్రతపై నిపుణుల బృందాన్ని వేసింది, బావుల్లో కలిపే రసాయనాల వివరాలు కంపెనీల నుంచి రాబట్టింది. అధ్యయనంలో పంటల వల్ల ప్రమాదం పెరిగిన దాఖలా కనబడలేదు. కొన్ని రసాయనాలపై సమాచారం చాలలేదన్న మాట కూడా అందులోనే ఉంది. రసాయనాల జాబితా చేతికి వచ్చింది కాబట్టే అక్కడ ఆ మాత్రమైనా చెప్పగలిగారు.

పెన్సిల్వేనియా అనుభవం దీనికి పూర్తిగా వేరు. షేల్ గ్యాస్ (షేల్ అనే రాతిని చీల్చి తీసే గ్యాస్) బావుల నీళ్లను మామూలు మురుగు శుద్ధి కేంద్రాలకు పంపి నదుల్లోకి వదిలారు. ఆ కేంద్రాలు ఉప్పును తీయలేవు. నీళ్లలోని బ్రోమైడ్ నదిలోకి చేరింది. కింది ఊళ్లలో తాగునీటికి క్లోరిన్ కలిపినప్పుడు ఆ బ్రోమైడ్ వల్ల ట్రైహాలోమీథేన్లనే హానికర పదార్థాలు ఎక్కువగా తయారయ్యాయి. తప్పు ఒకచోట జరిగితే ఫలితం ఇంకో ఊరి కుళాయిలో తేలింది. 2011లో ఆ రాష్ట్రం కంపెనీలను ఆపమని కోరింది. 2016లో సమాఖ్య పర్యావరణ సంస్థ షేల్ వంటి బావుల నీళ్లను మునిసిపల్ కేంద్రాలకు పంపడాన్ని నిషేధించింది.

ఒక్లహామాలో నీళ్లు నేల మీదికి రాలేదు, లోతైన బావుల్లోకి పంపారు. ప్రమాదం కిందనుంచి వచ్చింది. లోపలికి దూరిన నీటి ఒత్తిడి పాత పగుళ్లను నొక్కి పట్టిన బిగువును తగ్గించడంతో అవి జారాయి. 2016 సెప్టెంబర్‌లో పానీ (Pawnee) అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. పంపే నీటి పరిమాణాన్ని నియంత్రణ సంస్థ తగ్గించాక ప్రకంపనలు తగ్గాయి. మన 1,000 మీటర్ల నిబంధన తాగునీటి పొరలను కాపాడటానికి ఉద్దేశించింది. లోతుకు పోయే కొద్దీ మూల శిలల పగుళ్లకు దగ్గరవుతాం కాబట్టి లోతు ఒక్కటే భద్రత కాదు. రోజుకు ఎంత, ఎంత ఒత్తిడితో పంపుతున్నారన్న లెక్క కూడా ఉండాలి.

ఒమన్‌లోని నిమ్ర్ క్షేత్రంలో వందల హెక్టార్లలో రెల్లు జాతి మొక్కలు పెంచి, వాటి మధ్య నుంచి ఈ నీటిని పారిస్తారు. వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు చమురును తినేస్తాయి. లోతైన పొరల్లోకి పంపడానికి అయ్యే కరెంటు ఖర్చు మిగులుతుంది. అయితే అక్కడి నీరు సముద్రం కంటే చాలా తక్కువ ఉప్పుది, చుట్టూ ఉన్నది ఎడారి. ఎకరం వరి పొలం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే డెల్టాలో వందల హెక్టార్లు అలా కేటాయించే వీల్లేదు.

ఈ నీళ్లు ఎవరి సొత్తు

2019లో న్యూ మెక్సికో ఈ నీటి మీదే ప్రత్యేక చట్టం చేసింది. టెక్సస్ కూడా అదే ఏడాది యాజమాన్యం సంగతి తేల్చింది. రెంటి సారం ఒకటే: శుద్ధి కోసం నీటిని ఎవరు తీసుకుంటే అది వాళ్లదవుతుంది, దాని బాధ్యతా వాళ్లదే. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చమురు కంపెనీ పెద్దది, నీళ్లు తీసుకునే సంస్థ చిన్నది అయినప్పుడు, పదేళ్ల తర్వాత పొలం పాడైందని రైతు వచ్చేసరికి ఆ చిన్న సంస్థ మూతపడి ఉండొచ్చు. 2025 మార్చిలో అమెరికా పర్యావరణ సంస్థ ఈ నీటి వాడకాన్ని విస్తరించేలా నిబంధనలు సవరిస్తామని ప్రకటించింది. డేటా సెంటర్లను చల్లబరచడం, పశుగ్రాస భూములకు పారించడం అందులో ప్రస్తావించారు. చౌకగా వదిలించుకునే దారులు మూసుకుపోతున్న కొద్దీ పునర్వినియోగం వైపు మొగ్గు పెరుగుతోందన్నది గుర్తుంచుకోవాలి. నీటి కొరత ఎంత నిజమో, ఈ ఒత్తిడీ అంతే నిజం.

చెన్నైకి పనికొచ్చే పోలిక దగ్గర్లోనే ఉంది. కొడుంగయ్యూర్, కోయంబేడు కేంద్రాల్లో ఒక్కొక్కచోట రోజుకు 4.5 కోట్ల లీటర్ల మురుగునీటిని ఆర్వో స్థాయి వరకు శుద్ధి చేసి మణలి, శ్రీపెరుంబుదూరు వైపు పరిశ్రమలకు ఇస్తున్నారు. అది నడుస్తున్నదంటే కారణాలున్నాయి. మురుగులో ఉప్పు తక్కువ, అందులో ఏముంటుందో ఎక్కువగా తెలుసు, సరఫరాదారు ఒకే ప్రభుత్వ సంస్థ, వాడేవాళ్లు పైపు చివర ఉన్న ఫ్యాక్టరీలు. పొలం లేదు, తాగే మనిషి లేడు. చమురు బావుల నీటికి కూడా తొలి మెట్టు ఇలాంటిదే కావాలి: అదే క్షేత్రంలో ఒత్తిడి నిలపడానికి తిరిగి వాడటం, తవ్వకానికి మంచినీళ్లు కొనడం మానడం. అక్కడ మిగిలిన మంచినీళ్లు కూడా ఊరికి దక్కినట్టే. సాగుకు ఇవ్వడం అన్నది ఉప్పు తక్కువని నిరూపించిన క్షేత్రాలకే, పంటకు తగ్గ పరిమితులతోనే, బావిలో కలిపే ప్రతి రసాయనం పేరూ బయటపెట్టాకే ఆలోచించాల్సిన మాట.

పాత బావుల దగ్గరే అసలు పని

తమిళనాడు 2020లో కావేరీ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్తగా చమురు, గ్యాస్, బొగ్గు మీథేన్ అన్వేషణకూ వెలికితీతకూ అక్కడ తావు లేదు. అప్పటికే నడుస్తున్న వాటికి ఈ నిషేధం వర్తించదు. నీటి వైపు నుంచి చూస్తే ఇందులో ఒక మెలిక ఉంది: నీరు ఎక్కువగా వచ్చేది ఆ పాత బావుల్లోనే. కొత్త బావులు ఆగిపోయినా, ఉన్నవి ముదిరే కొద్దీ వదిలించుకోవాల్సిన నీరు పెరుగుతూనే ఉంటుంది. గోదావరి జిల్లాల్లోని పాత బావులకూ ఇదే వర్తిస్తుంది.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నిర్వహణ అనుమతిలోనే షరతులు పెట్టొచ్చు. ఏ బావి నుంచి నెలకు ఎంత నీరు వచ్చింది, అందులో ఎంత లోపలికి పంపారు, ఎంత ట్యాంకర్లలో బయటికి పోయింది, ఎక్కడ దిగింది అన్న లెక్కను ఊరి పంచాయతీ ఆఫీసులో తెలుగులోనో తమిళంలోనో అంటించమనొచ్చు. ట్యాంకర్లకు జీపీఎస్ తప్పనిసరి చేయొచ్చు. చుట్టుపక్కల బోర్ల నీళ్లను బోరాన్, బెంజీన్, రేడియం, క్లోరైడ్లకు ముందే ఒకసారి పరీక్షించి ఆ అంకెల్ని భద్రపరచొచ్చు. ఈ చివరిది అన్నింటికంటే ముఖ్యం. తీర ప్రాంతంలో బోరు ఉప్పెక్కడానికి సముద్రం చొచ్చుకురావడం, రొయ్యల చెరువులు, మితిమీరి తోడటం కూడా కారణాలే. తొలి అంకెలు లేకపోతే రేపు రైతు తన నష్టాన్ని నిరూపించుకోలేడు, కంపెనీ తన నిర్దోషిత్వాన్నీ నిరూపించుకోలేదు.